తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ – 4వ పాఠం: ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవడం

ఈసారి మదర్‌బోర్డుల గురించి చెప్పాల్సి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చదివి మీరు పంపిన విడిభాగాల లిస్టులే అందుకు కారణం. ముందు గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు తీసి పక్కన పెట్టి, మిగతావి దాన్నిబట్టి చూసుకోమన్నాను. కార్డులు బాగానే ఎంచుకున్నారు. కానీ చాలా లిస్టుల్లో ఆఖరి వరుస ఒక్కటే: "క్యాబినెట్ విత్ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్". ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని పీసీ భాగాలకు కావాల్సిన వోల్టులకు మార్చి ఇచ్చే పవర్ సప్లై డబ్బా. అన్నీ కొన్నాక మిగిలిన చిల్లర దానికి పెట్టారు.

అలా కొనేసినవాళ్ల ఫిర్యాదూ ఒక్కటే. బ్రౌజర్ బాగుంది, సినిమా బాగుంది, గేమ్ పెట్టిన కాసేపటికి మెషీన్ ఠక్కున ఆరిపోతోంది. విండోస్ మళ్లీ వేశారు, డ్రైవర్లు మార్చారు, ర్యామ్ తీసి తుడిచి పెట్టారు. బ్లూ స్క్రీన్ కూడా రాకుండా, లోడ్ పడినప్పుడే ఆరిపోతోందంటే ప్రాసెసర్, కార్డు ఎంత వేడెక్కుతున్నాయో ఒకసారి చూడండి. అవి హద్దులో ఉంటే ఇక అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌నే.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాట్ల అంకెను నమ్మకండి. డబ్బా పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి. అందులో 3.3, 5, 12 వోల్టులకు విడివిడిగా గళ్లు ఉంటాయి, ఒక్కో గడి కింద ఎన్ని యాంప్స్ ఇవ్వగలదో రాసి ఉంటుంది. మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది 12 వోల్టుల గడి నుంచే. ఆ గడిలో ఉన్న యాంప్స్‌ని 12తో గుణించండి. క్యాబినెట్‌తో కలిపి కాంబోగా అమ్మే "450 వాట్ల" డబ్బా మీద 12 వోల్టుల కింద 16 యాంప్స్ అని ఉందనుకోండి: 16 × 12 = 192 వాట్లు. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల గళ్లలో చూపించినవి. ఈ కాలపు మెషీన్‌కి వాటి అవసరం చాలా తక్కువ. అదే సరైన 450 వాట్ల యూనిట్ మీద 36 యాంప్స్ దగ్గర్లో ఉంటుంది: 432 వాట్లు. పెట్టె మీద అంకె ఒకటే, లోపలి సరుకులో సగానికి పైగా తేడా.

ఇప్పుడు మీ లిస్టుకి లెక్క కడదాం. రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కి 65 వాట్లని రాసి ఉన్నా పూర్తి లోడ్‌లో బోర్డు మీది సాకెట్ నుంచి 76 వాట్ల దాకా లాగుతుంది. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి ఇంకో 50 వేసుకోండి. మొత్తం 258. ఆ 50లో కొంత 5 వోల్టులకు పోతుంది గానీ అంతా 12 వోల్టుల మీదే వేసి చూసినా 258 ÷ 12 = 21.5 యాంప్స్. 16 యాంప్స్ డబ్బా మీద ఇది నడవదు. ఆర్‌టీఎక్స్ 3060 పెట్టుకున్నవాళ్లు 132 బదులు 170 వేసి చూడండి, 25 యాంప్స్ దాకా వస్తుంది. పైగా గ్రాఫిక్స్ కార్డు లాగుడు ఒకే తీరున ఉండదు. మిల్లీసెకన్ల పాటు రాసిన వాట్ల కన్నా బాగా ఎక్కువ లాగుతుంది. సరైన యూనిట్ ఆ కుదుపుని ఓర్చుకుంటుంది. నాసి రకంలో వోల్టేజీ పడిపోయి మెషీన్ ఆరిపోతుంది.

కొన్ని స్టిక్కర్ల మీద 12వి1, 12వి2 అని రెండు గళ్లుంటాయి. రెండూ కలిపేసి సంబరపడకండి. వాటి కింద ఉమ్మడిగా ఎన్ని వాట్లో ఇంకో వరుసలో ఉంటుంది, అదే అసలు లెక్క. ఆ వరుసే లేకపోతే ఆ డబ్బా వదిలేయండి. 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ రక్షణల సంగతి చెప్పదు. అవి ఉన్నాయో లేదో కంపెనీ స్పెసిఫికేషన్‌లో విడిగా చూడాలి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది కన్వర్టర్ కేబుల్. కాంబో డబ్బాల్లో చాలావాటికి గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే 6+2 పిన్ వైరు ఉండదు. షాపులో "ఏం పర్లేదు సార్, కన్వర్టర్ వేస్తాం" అని హార్డ్ డిస్క్‌కి వెళ్లే సాటా కనెక్టర్ నుంచి 8 పిన్‌కి మార్చే ముక్క తగిలిస్తారు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మోయగలిగేది 4.5 యాంప్స్, అంటే 54 వాట్లు. 8 పిన్ నుంచి కార్డు 150 వాట్ల దాకా లాగొచ్చు. పిన్నులు కాలి, ప్లాస్టిక్ మెత్తబడి, చివరికి అంటుకుంటుంది కూడా. ఈ కన్వర్టర్ ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. 6+2 వైరు యూనిట్‌లోంచే రావాలి. ప్రాసెసర్‌కి వెళ్లే 4+4 వైరు చూడ్డానికి దానిలాగే ఉంటుంది, కానీ ప్లస్, మైనస్ తారుమారు. రెండు ముక్కలుగా విడదీసి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. దూరకపోతే బలంగా నొక్కకండి.

నా మాట అడిగితే 550 వాట్లు, 80 ప్లస్‌లో బ్రాంజ్ స్థాయి, ఐదేళ్ల వారంటీ, వైర్లు ఊడిరానిది. వైర్లు ఊడదీయగలిగే మాడ్యులర్ రకానికి పెట్టే డబ్బు ఈ బడ్జెట్‌లో దండగ. రంగు లైట్ల ఆర్‌జీబీ ఫ్యాన్లు లిస్టులోంచి కొట్టేసి, 5600తో పాటు పెట్టెలో వచ్చే కూలర్‌నే వాడితే మంచి ఎస్‌ఎంపీఎస్‌కి అయ్యే ఎక్కువ ఖర్చు సర్దుబాటవుతుంది. ముందు వైపు జల్లెడలాంటి మెష్ ఉన్న క్యాబినెట్ మాత్రం వదులుకోకండి. మే నెలలో ఏసీ లేని గదిలో గాజు ముఖం క్యాబినెట్ పెడితే ఎస్‌ఎంపీఎస్‌తో సహా అన్నీ ఉడుకుతాయి. కొన్ని యూనిట్ల వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి, మంచివి 40 లేదా 50 డిగ్రీల దగ్గర. వైజాగ్ ఎండాకాలంలో 25 డిగ్రీల గది ఎక్కడ దొరుకుతుంది?

మన ఊరికే చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు సముద్రానికి ఎదురు కిటికీ ఉన్నవాళ్లు క్యాబినెట్‌ని ఆ గాలికి పెట్టకండి. ఉప్పు గాలికి స్క్రూలు తుప్పు పడతాయి, వెనక పోర్టులు, కార్డు అంచున బంగారు రంగు పిన్నులు మసకబారి డిస్‌ప్లే రాదు. రెండోది ఎర్తింగ్. క్యాబినెట్ రేకు తాకితే జిల్లుమంటోందని రాసినవాళ్లు ఎస్‌ఎంపీఎస్ పాడైందనుకోకండి. అందులో ఫిల్టర్ కెపాసిటర్లు సన్నటి లీకేజీ కరెంటుని రేకుకి పంపుతాయి, ఎర్త్ వైరు ఉంటే అది నేలలోకి పోతుంది. పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తరచూ వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి: ఫేజ్-ఎర్త్ మధ్య ఇంచుమించు 230 వోల్టులు, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి.

లిస్టుల్లో మిగతా తప్పులు గబగబా. ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్ రాసినవాళ్లు రెండు 8 జీబీలకు మార్చండి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టి, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. "కార్డు ఆర్నెల్ల తర్వాత కొంటాను" అన్నవాళ్లకి 5600 పనికిరాదు, ఇంటెల్ 12100ఎఫ్ కూడా పనికిరాదు. వాటిలో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ లేవు. బీ450 బోర్డుతో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ రాసినవాళ్లు కార్డు మార్చండి. బోర్డుతో డేటా మార్చుకోవడానికి దానికున్నవి నాలుగు లేన్లే (దారులే), పాత పీసీఐఈ 3.0 బోర్డు మీద వాటి వేగమూ సగానికి పడిపోతుంది.

అభ్యాసం: ద్వారకానగర్ షాపులకి ఈ వారం కొనడానికి కాకుండా చదవడానికి వెళ్లండి. ఆరు ఎస్‌ఎంపీఎస్‌ల స్టిక్కర్లు ఫోటో తీయండి, కాంబో రకం రెండైనా ఉండాలి. ఒక్కోదానికీ 12 వోల్టుల యాంప్స్, గుణిస్తే వచ్చే వాట్లు, పెట్టె మీద వాట్లలో అది ఎంత శాతం, 6+2 వైర్లెన్ని, వారంటీ ఎన్నేళ్లు – ఇవన్నీ రాయండి. పక్కనే మీ లిస్టు లోడ్‌ని యాంప్స్‌లో వేయండి. పెట్టె విప్పి స్టిక్కర్ చూపించని షాపుని లెక్కలోంచి తీసేయండి. బోర్డు పాఠం ఈ కాగితం మీదే మొదలవుతుంది కాబట్టి దాన్ని దగ్గర పెట్టుకోండి.