పిల్లాడు కేసులో ఇరుక్కుంటే ఏం చేయాలి, మళ్లీ ఆ దారి పట్టకుండా ఎలా చూసుకోవాలి

మీ ఇంట్లోనో వీధిలోనో 18 నిండని పిల్లాణ్ణి ఫోన్ కొట్టేశాడనో బైక్ ఎత్తుకెళ్లాడనో పోలీసులు పట్టుకెళ్తే ముందు బర్త్ సర్టిఫికెటో టెన్త్ మెమోనో పట్టుకుని స్టేషన్‌కి పరిగెత్తండి, వయసు తేలితే సగం పని అయినట్టే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డు ముందుంచాలి, అక్కడ ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. లాయర్‌కి డబ్బుల్లేవా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఫ్రీ.

పిల్లాడి ఇంటి పరిస్థితులు కనుక్కుని బోర్డుకి రిపోర్టిచ్చే ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొస్తే పరువు పోతుందని ఏదీ దాచొద్దు, నాన్న తాగుడు, బడి మానేయడం, చెడు స్నేహాలు అన్నీ చెప్పండి, ఆ రిపోర్టు చూసే బోర్డు కౌన్సెలింగా ఇంకోటా అని ఆలోచిస్తుంది.

అసలు కష్టం బయటికొచ్చాకే. మా వీధిలో ఒకడు తిరిగొచ్చిన రోజు కిరాణా కొట్టాయన గల్లాపెట్టె మూసేసుకున్నాడు, వాడు చూశాడు, నాలుగు రోజులు గడప దాటలేదు. వాళ్ల మేనమామ ఊరుకోలేదు, ఓపెన్ స్కూల్‌లో టెన్త్ కట్టించి, తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేర్పించి, మొదటి నెలంతా తనే బండి మీద దింపొచ్చాడు. అలా ఒక్క మనిషి గట్టిగా నిలబడాలి. పాత గ్యాంగ్ ఫోన్లు చేస్తుంటే సిమ్ మార్చేయండి, కుదిరితే కొన్నాళ్లు అమ్మమ్మగారి ఊరు పంపండి. పిల్లాడి పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతుంటే అది చట్టప్రకారం నేరమని చెప్పి అక్కడే ఆపండి.