సెకండ్ హ్యాండ్ మూడు చక్రాల బైక్ కొంటున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రెండు చక్రాల బండిలో ముందు భాగం పాడైతే నడిపేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. హ్యాండిల్ ఊగుతుంది, బ్యాలెన్స్ తప్పుతుంది. మూడు చక్రాల బైక్‌లో అంత సులువుగా బయటపడదు. ఒక పక్క బేరింగ్ అరిగినా, ఒక రాడ్ కాస్త వంగినా, మిగతా రెండు చక్రాలు బండిని నెట్టుకొస్తాయి. అందుకే పాత బండి చూడ్డానికి వెళ్ళి, టైమంతా ఇంజిన్ శబ్దం వినడానికే కేటాయించి, ముందు చక్రాలను పైపైన చూసి వచ్చేస్తే తర్వాత పెద్ద ఖర్చు మీద పడుతుంది. రోజూ పనికి వెళ్ళిరావడానికి మొదటిసారి ఇలాంటి బండి కొనేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ముందు భాగం గురించే ఎక్కువ ఉంటుంది, అది కావాలనే.

మొదట మీరు చూస్తున్న బండి మలుపులో ఒరిగే రకమా, ఒరగని రకమా తేల్చుకోండి. 2006లో వచ్చిన పియాజియో ఎంపీ3, 2014లో వచ్చిన యమహా ట్రైసిటీ, 2018 నాటి యమహా నైకెన్ మామూలు బైక్‌లాగే ఒరుగుతాయి. క్యాన్-యామ్ స్పైడర్, రైకర్ బండ్లకు కూడా ముందు రెండు చక్రాలే, కానీ అవి ఒరగవు. హార్లీ-డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్‌కు రెండు చక్రాలు వెనక ఉంటాయి, అదీ ఒరగదు. ఒక రకంలో లోపంలా అనిపించేది ఇంకో రకంలో మామూలు విషయం కావచ్చు.

ఆపగానే బండి ఒక పక్కకు ఒరిగిపోతోంది

మూడు చక్రాలున్నాయి కాబట్టి సిగ్నల్ దగ్గర కాలు దించక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఒరిగే రకం అన్నిటిలో అది నిజం కాదు. ట్రైసిటీ 125లో ఒరుగుడును ఆపే లాక్ అసలు లేదు. ఆపితే కాలు దించాల్సిందే. అందులో ఇది లోపం కాదు, అమ్మేవాళ్ళతో దీని మీద బేరమాడాల్సిన పని లేదు.

ఎంపీ3లో మాత్రం లాక్ ఉంటుంది. నెమ్మదిగా ఆగుతూ, రేస్ వదిలి స్విచ్ నొక్కితే ఒరుగుడు బిగుసుకుంటుంది. మళ్ళీ రేస్ ఇస్తే విడిపోతుంది. ఆ లాక్ పట్టకపోతే మొదట బ్యాటరీని అనుమానించండి. ఈ లాక్ ఎలక్ట్రిక్ పంపుతో నడిచే హైడ్రాలిక్ వ్యవస్థ కాబట్టి వోల్టేజ్ తగ్గితే మొరాయిస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూడండి. ఇంజిన్ ఆపి కొంతసేపయ్యాక 12.6 వోల్టులు, ఆపైన ఉంటే మంచిది. 12.2 దగ్గరుంటే చార్జ్ సగమే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రాకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, చార్జింగ్ వైపు చూడాలి.

బ్యాటరీ బాగానే ఉండి కూడా డాష్‌బోర్డు మీద లాక్ హెచ్చరిక దీపం వెలుగుతుంటే హైడ్రాలిక్ ఫ్లూయిడ్ తగ్గిందేమో, ఎక్కడైనా కారుతోందేమో, సెన్సర్ పోయిందేమో చూడాలి. ఇది మామూలు మెకానిక్ చేసే పని కాదు, ఆ బండి తెలిసినవాళ్ళు డయాగ్నస్టిక్ పరికరం పెట్టి చూడాలి. "చిన్న ఫ్యూజే, మార్చుకుంటే సరి" అని అమ్మేవాళ్ళు అంటే, మార్చి చూపించమనండి. చూపించలేకపోతే ఆ రిపేరు మొత్తం ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.

ఇంకో మాట. బండి ఏ కోణంలో ఉంటే ఆ కోణంలోనే లాక్ పడుతుంది, దానంతటదే నిటారుగా కాదు. ఒరిగి ఉన్నప్పుడు నొక్కితే ఒరిగే ఉంటుంది. అది లాక్ తప్పు కాదు, అలవాటు కావాలంతే.

గుంతలో దిగినప్పుడు ముందు నుంచి టక్ టక్ శబ్దం

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దీనికే. ఒరిగే బండి ముందు భాగంలో చేతులు (చక్రాలను బండికి కలిపే రాడ్లు), కీళ్ళు, బేరింగులు మామూలు బైక్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా మూడు చక్రాలు రోడ్డు మీద మూడు వేర్వేరు దారుల్లో వెళ్తాయి. రెండు చక్రాల బండి తప్పించుకునే గుంత, ఇక్కడ ఏదో ఒక చక్రానికి తగిలే తీరుతుంది. రోజూ అదే రోడ్డు మీద తిరిగిన బండిలో కిలోమీటర్లు తక్కువున్నా ముందు భాగం అలిసిపోయి ఉండొచ్చు.

పరీక్ష తేలిక, ఇద్దరుంటే చాలు. ముందు చక్రాలు నేల నుంచి లేచేలా బండిని గట్టిగా నిలబెట్టి, ఒకరు హ్యాండిల్ కదలకుండా పట్టుకోవాలి. రెండోవాళ్ళు ఒక్కో చక్రాన్ని విడివిడిగా పట్టుకుని, మొదట పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక తెలిస్తే చక్రం బేరింగ్, లేదా ఆ పక్క చేతుల కీళ్ళు అరిగాయి. తర్వాత ముందూ వెనకా పట్టుకుని ఊపాలి. ఇక్కడ మాత్రమే వదులు కదలిక ఉంటే స్టీరింగ్ రాడ్ చివరల్లో జాయింట్లు వదులయ్యాయి. ఒరిగే బండిలో లాక్ తీసి, చేత్తో అటూ ఇటూ వంచి చూడండి. ఎక్కడా పట్టేయకుండా, గరగరలాడకుండా, రెండు వైపులా ఒకేలా ఒరగాలి.

చక్రం బేరింగే పోతే మార్చడం పెద్ద పని కాదు, బండి కొనొచ్చు. స్టీరింగ్ జాయింట్లు కూడా ఫరవాలేదు, కానీ మార్చాక చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్ తప్పనిసరి. ఒరిగే చేతుల బేరింగులన్నీ పోయి ఉంటే విడిభాగాల కన్నా కూలీ ఎక్కువవుతుంది. ముందు భాగమంతా విప్పాలి. అలాంటి బండి మొదటిసారి కొనేవాళ్ళకు వద్దు. ధర ఎంత తగ్గించినా వద్దు.

హ్యాండిల్ వదిలితే ఒక పక్కకు లాగుతోంది, టైర్లు ఒక అంచునే అరిగాయి

మొదట ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో కొలవండి. చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. ఒరగని బండి రోడ్డు వాలుకు కూడా పక్కకు లాగుతుంది కాబట్టి చదునుగా ఉన్న చోట మళ్ళీ నడిపి చూడండి.

అప్పటికీ లాగుతుంటే టైర్లే అసలు కథ చెబుతాయి. రెండు టైర్లూ లోపలి అంచున అరిగితే చక్రాలు ముందువైపు బయటకు తెరుచుకుని ఉన్నాయి. బయటి అంచున అరిగితే లోపలికి మూసుకుని ఉన్నాయి. రెండూ అలైన్‌మెంట్‌తో సరిపోతాయి. స్పైడర్ లాంటి వాటికి లేజర్‌తో చేయిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క టైరే విపరీతంగా అరిగి రెండోది బాగుంటే మాత్రం ఆ పక్క ఎక్కడో గట్టి దెబ్బ తగిలి ఉంటుంది. కింద పడుకుని రెండు పక్కల చేతులనూ పోల్చి చూడండి. కొత్త పెయింట్, ఒక్క పక్కనే మెరిసే బోల్టులు కనిపిస్తే గట్టిగా నిలదీసి అడగండి.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ముందు టైర్లు మారిస్తే రెండూ కలిపే మార్చండి.

మలుపులో బండి బయటకు తోసేస్తోంది, హ్యాండిల్ బరువుగా ఉంది

స్పైడర్, రైకర్, ట్రై గ్లైడ్ లాంటి ఒరగని బండ్లలో ఇది చాలావరకు బండి లోపం కాదు. బైక్ నడిపిన చేతులు కుడికి తిరగడానికి తెలియకుండానే కుడి హ్యాండిల్‌ను ముందుకు తోస్తాయి. ఇక్కడ అలా చేస్తే బండి ఎడమకు పోతుంది. కుడికి వెళ్ళాలంటే కారులోలా హ్యాండిల్‌ను కుడికే తిప్పాలి, ఒంటిని కూడా కుడి వైపుకే వంచాలి. స్పైడర్‌లో చేతి బ్రేక్ ఉండదు, ఒకే కాలి పెడల్‌తో మూడు చక్రాలకూ బ్రేక్ పడుతుంది. ఖాళీ స్థలంలో బాగా అలవాటయ్యాకే ట్రాఫిక్‌లోకి తీసుకెళ్ళండి. ఈ తేడా తెలియక మొదటి రోజే భయపడి, మంచి బండిని వదిలేసుకునేవాళ్ళుంటారు.

స్పైడర్‌లో పవర్ స్టీరింగ్ ఉంటుంది. రెండు వైపులకూ సమానంగా తిరగకపోయినా, హెచ్చరిక దీపం ఉన్నా అది అలవాటు సమస్య కాదు, లోపమే.

కదిలేటప్పుడు జర్క్, ఇంజిన్ అరుస్తోంది కానీ స్పీడు రావట్లేదు

ఎంపీ3, ట్రైసిటీ, రైకర్ అన్నీ బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్ గేరు బండ్లే. ఎంపీ3, ట్రైసిటీలలో కదిలేటప్పుడు వణికితే క్లచ్ అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది. పికప్ తగ్గితే బెల్ట్ సన్నబడి ఉంటుంది, లేదా వేరియేటర్‌లో (స్పీడును బట్టి గేరు నిష్పత్తిని మార్చే భాగం) రోలర్లు ఒక పక్క చదునుగా అరిగి ఉంటాయి. విప్పి చూసి మార్చేస్తే తీరిపోతుంది, దీనికి కంగారు పడక్కర్లేదు. బెల్ట్ మార్చినట్టు రికార్డు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. తెగితే బండి దారిలోనే ఆగిపోతుంది.

డాష్‌బోర్డు మీద ఏ దీపమూ లేదు, అంతా బాగుంది

ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండిలో తాళం తిప్పగానే దాని దీపం వెలగాలి, బండి కదిలాక ఆరిపోవాలి. మొదట్లో అసలు వెలగకపోతే సంతోషించకండి. దీపం పోయి ఉండొచ్చు, లేదా లోపం కనబడకుండా ఎవరో తీసేసి ఉండొచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మీ ముందు స్టార్ట్ చేయించండి. ముందే వేడిచేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి.

లైసెన్సు, ఇన్సూరెన్సు దగ్గర చిక్కు

కారణం ఎక్కువగా బండి వర్గం. ఐరోపా నిబంధనల్లో పక్కపక్క చక్రాల మధ్య దూరం 460 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే ఆ రెండింటినీ ఒకే చక్రంగా లెక్కిస్తారు. అంటే అది మోటార్‌సైకిల్. ఎంపీ3 ఎల్‌టీ ఆ గీత దాటడానికే 465 మిల్లీమీటర్ల దూరంతో వచ్చింది. పేరు ఒకటే అయినా మామూలు ఎంపీ3కీ, ఎల్‌టీకీ కాగితాల్లో వర్గం వేరు. అడ్వాన్సు ఇచ్చే ముందే రిజిస్ట్రేషన్ కాగితంలో వర్గం ఏం రాసుందో చూసి, మీ లైసెన్సు దానికి సరిపోతుందో కనుక్కోండి. కాగితంలోని ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదానితో అంకె అంకె కలవాలి.

అలాగే ఆ మోడల్ ముందు భాగం బేరింగులు, బెల్ట్, బ్రేక్ ప్యాడ్‌లు ఎన్ని రోజుల్లో వస్తాయో మీ మెకానిక్‌ను అడగండి. రోజూ పనికి వెళ్ళాల్సిన బండి ఒక చిన్న బుష్ కోసం నెలరోజులు షెడ్డులో కూర్చుంటే ఉపయోగం లేదు. మెకానిక్ ఈ బండి ముట్టుకోనంటే, ముట్టుకునేవాళ్ళు దొరికేదాకా కొనకండి.