క్యాజువాలిటీలో పార్శ్వపు నొప్పి (మైగ్రేన్): ముందు ప్రశ్న, తర్వాతే సూది

తల పట్టుకుని వచ్చిన మనిషికి మందు ఎక్కించే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: నొప్పి మొదలయ్యాక ఎంతసేపటికి ఇంత తీవ్రమైంది? నిమిషంలోనే భరించలేనంత అయిందంటే, మెదడు చుట్టూ రక్తస్రావం లేదని తేలేదాకా మైగ్రేన్ అని రాయకండి. 6 గంటలలోపు తీసిన సీటీని చాలావరకు నమ్మవచ్చు. ఆ తర్వాతైతే సీటీ బాగున్నా వెన్నునీరు పరీక్షో, సీటీ యాంజియోనో (రక్తనాళాలను చూపే స్కాన్) అవసరం.

జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, 50 ఏళ్లు దాటాక ఈ నొప్పి కొత్తగా రావడం, కేన్సర్, రక్తం పలచబరిచే మందుల వాడకం, వీటిలో ఏదున్నా స్కాన్ తప్పదు. బాలింత విషయంలో మరీ జాగ్రత్త. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా సాదా సీటీలో కనపడకపోవచ్చు, వీనోగ్రామ్ (సిరలను చూపే స్కాన్) చేయించాలి. బీపీ కూడా చూడాలి. కన్ను ఎర్రబడి చూపు మసకబారితే గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) గుర్తుకు రావాలి.

ఇవేవీ లేకుండా, ఇదివరకు వచ్చినట్టే ఒకవైపు కణత అదురుతూ, నడిస్తే ఎక్కువవుతూ, వికారంతో, వెలుతురూ చప్పుడూ పడకుండా ఉంటే అది మైగ్రేనే. సూదికి నొప్పి తగ్గిందన్నది మాత్రం రుజువు కాదు. రక్తస్రావపు నొప్పి కూడా తగ్గుతుంది.

దాడి సమయంలో పొట్ట కదలిక మందగిస్తుంది కాబట్టి మాత్ర సరిగా ఒంటబట్టదు. అందుకే వికారం తగ్గించే మందు మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 15 నిమిషాలపాటు సిరలోకి ఎక్కించండి. ఒక్కసారిగా తోస్తే రోగి మంచం మీద నిలవలేక, క్యాన్యులా (సిరలో పెట్టిన సన్నని గొట్టం) పీకేసి, ఇంటికి పోతానంటారు. దాన్ని కంగారు అనుకుని కసరకండి, మందు చేసిన పని అది. అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్ 25 మి.గ్రా. ఐవీ (సిరలోకి) ఇస్తే కుదుటపడుతుంది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవారికి మెటోక్లోప్రమైడ్ వద్దు.

తోడుగా నొప్పి తగ్గించే కీటోరొలాక్ 15 నుంచి 30 మి.గ్రా. ఐవీ ఇవ్వవచ్చు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గర్భం ఉంటే ఇవ్వకూడదు. గర్భిణికి పారాసెటమాల్ 1 గ్రాము, అవసరమైతే మెటోక్లోప్రమైడ్. మైగ్రేన్ మందు సుమాట్రిప్టాన్ 6 మి.గ్రా. చర్మం కింద బాగా పనిచేస్తుంది కానీ గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవారికి ప్రమాదం. ట్రమడాల్ (నల్లమందు తరహా నొప్పి మందు) జోలికి పోవద్దు. నొప్పి తిరగబెట్టి, మళ్లీ మళ్లీ సూది కోసమే వచ్చే అలవాటు పడుతుంది.

పంపేముందు స్టెరాయిడ్ అయిన డెక్సామెథసోన్ 10 మి.గ్రా. ఐవీ ఒక్క డోసు ఇస్తే మూడు రోజుల్లో తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. షుగర్ ఉంటే ఆలోచించి ఇవ్వండి. నెలకు ఎన్ని రోజులు నొప్పిమాత్రలు వేసుకుంటున్నారో కూడా అడగండి. మామూలు మాత్రలు 15 రోజులు, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్‌లు 10 రోజులు దాటుతుంటే ఆ మాత్రలే నొప్పికి కారణం కావచ్చు. చీటీలో న్యూరాలజీ ఓపీ అని రాసి పంపండి.