వయొలిన్ పిల్లలు తమ తప్పు తామే పట్టుకునేలా: నా అనుభవం

నా దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకునే పిల్లలు వర్ణం (సాధనకు వాయించే రచన) వాయిస్తుంటే రెండో కాలం (రెట్టింపు వేగం) పరుగెడుతుంది, గాంధారం ('గ' స్వరం) శ్రుతిలో కాస్త తగ్గుతుంది. "ఎలా వచ్చింది?" అంటే "బాగానే వచ్చింది టీచర్!" సాధన డైరీ, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం), నేనే వాయించి చూపించడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇది. మోహన రాగ వర్ణంలో ఒక్క ఆవర్తనమే (తాళం ఒక చుట్టు) ఫోన్‌లో రికార్డు చేయిస్తాను. వినకముందే, ఎక్కడ జారిందనుకుంటున్నారో కాగితం మీద రాసి ఉన్న స్వరాల కింద పెన్సిల్‌తో గీత పెట్టాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: ముందు ఊహ, తర్వాతే వినడం. మొదటిసారి వయొలిన్ పక్కన పెట్టి, చేత్తో ఆది తాళం (ఎనిమిది లెక్కల తాళం) వేస్తూ లయ మాత్రమే వినాలి. రెండోసారి తంబూర యాప్ (ఆధార శ్రుతి మోగించేది) పెట్టుకుని శ్రుతి మాత్రమే. ఈసారి గుర్తులు ఎర్ర పెన్నుతో. పెన్సిల్, ఎరుపు కలవని చోటే మర్నాటి సాధన. అంతవరకూ నేను నోరు మెదపను (అదే కష్టం!).

స్వరలిపి (స్వరాల రాత) చదవగలిగిన పిల్లలతోనే చేశాను. సరళీ వరుసల్లో (మొదటి పాఠాల్లో) ఉన్నవాళ్లకు కుదురుతుందని చెప్పలేను. కమాను (వయొలిన్ తీగలపై లాగే విల్లు) ఒత్తిడి, నాదం మాత్రం దీంతో తేల్చకండి. చాలా ఫోన్లు శబ్దం హెచ్చుతగ్గుల్ని వాటంతటవే సర్దేస్తాయి.