నాయిస్ తగ్గించే రిసీవింగ్ యాంటెన్నాలు – 4వ పాఠం: రెండు లూపులు, ఒక కేబుల్ ముక్క

గత పాఠంలో ఒకేలాంటి రెండు లూపులు (వలయంలా వంచిన వైరు యాంటెన్నాలు), వాటికి ఒకేలాంటి ప్రీయాంప్లిఫయర్లు (బలహీనమైన సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్లు) కట్టుకున్నాం. ఈసారి వాటిని కలుపుదాం.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల మధ్య ఉండే హ్యామ్‌కి (అమెచ్యూర్ రేడియో వాడేవారికి) సాయంత్రమైతే చాలు, 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) స్టేషన్ ఏదీ లేకున్నా సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ పైకి లేచి కూర్చుంటుంది. మన ఇంటి ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు ఆపుకోగలం. పక్క బిల్డింగ్ లిఫ్టునీ సోలార్ ఇన్వర్టర్‌నీ ఆపలేం. పెద్ద యాంటెన్నా వేస్తే సిగ్నల్‌తో పాటు నాయిసూ పెరుగుతుంది. అందుకే రిసీవింగ్‌లో గెయిన్ (సిగ్నల్ బలం పెంచడం) వెంట పడొద్దంటాను. నాయిస్ వచ్చే దిక్కున చెవి మూయగలిగితే సగం పైగా గెలిచినట్టే.

నాయిస్ తూర్పు నుంచి వస్తోందనుకోండి. రెండు లూపుల్నీ తూర్పు పడమరలుగా, ఒకే వరుసలో, 10 మీటర్ల ఎడంతో డాబా మీద నిలబెట్టండి. తరంగం ఆ 10 మీటర్లు దాటడానికి దాదాపు 33 నానోసెకన్లు పడుతుంది. అంటే నాయిస్ తూర్పు లూప్‌ని ముందు తాకి, 33 నానోసెకన్ల తర్వాత పడమటి లూప్‌ని తాకుతుంది. తూర్పు లూప్ సిగ్నల్‌ని కేబుల్‌లో అంతే సేపు ఆలస్యం చేస్తే రెండూ ఒకేసారి రిసీవర్ దగ్గరికి వస్తాయి. ఒక లూప్ వైర్లు తారుమారు చేసి కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

పడమటి సిగ్నల్ సంగతి వేరు. అది తూర్పు లూప్‌కి ఎలాగూ ఆలస్యంగా వస్తుంది, పైగా కేబుల్ ఆలస్యం తోడవుతుంది. మొత్తం 67 నానోసెకన్లు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర అది తరంగం పూర్తి చుట్టు 360 డిగ్రీల్లో 170 డిగ్రీలు. వైర్లు తిప్పడం వల్ల వచ్చే 180 డిగ్రీలు కూడా కలిస్తే రెండు సిగ్నళ్లూ దాదాపు ఒకే ఫేజ్‌లోకి (ఒకే లయలోకి) వచ్చి బలం పెరుగుతుంది.

మరి తూర్పు వైపున్న విజయవాడ స్టేషన్ కూడా పోతుందా? పోదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. పక్కింటి నాయిస్ నేలబారుగా వస్తుంది. విజయవాడ సిగ్నల్ పై వాతావరణంలో రేడియో తరంగాల్ని వెనక్కి పంపే అయనోస్పియర్ నుంచి ఏటవాలుగా, దాదాపు నడినెత్తి మీద నుంచి దిగుతుంది. దానికి రెండు లూపుల మధ్య ఆలస్యం చాలా తక్కువ కాబట్టి కేబుల్ లెక్క కుదరదు, సిగ్నల్ పెద్దగా తగ్గదు.

ఇక కేబుల్. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఆర్‌జీ-6 టీవీ కేబుల్ చాలు. కేబుల్‌లో సిగ్నల్ వేగం బ్రాండ్‌ని బట్టి మారుతుంది కాబట్టి టేపు కొలతని నమ్మొద్దు. 9 మీటర్లు కోసి ఒక కొస నానోవీఎన్ఏకి (యాంటెన్నాలు, కేబుళ్లు పరీక్షించే చిన్న పరికరం) తగిలించి, రెండో కొస ఓపెన్‌గా వదిలేయండి. ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే, దాని తెరపై స్మిత్ చార్ట్ అనే గుండ్రటి పటంలో చుక్క కుడి కొస నుంచి తిరుగుతూ ఎడమ కొసకి చేరుతుంది. అది సరిగ్గా 7.5 మెగాహెర్ట్జ్ దగ్గర జరిగితే కేబుల్ 33 నానోసెకన్లకి కుదిరినట్టే. మొదట ఇంకా కిందే, 7 చుట్టుపక్కల కనిపిస్తుంది. కొద్దికొద్దిగా కత్తిరించండి, 10 సెంటీమీటర్లకి సుమారు 90 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. తొందరపడి ఎక్కువ కోస్తే మళ్లీ అతికించడం తలనొప్పి.

లూపుల నుంచి వచ్చే రెండు మెయిన్ కేబుళ్లూ సమానంగా ఉండాలి. ఈ ముక్క తూర్పు వైపు దానికే అదనం. టీవీ టూ-వే స్ప్లిటర్‌ని తిరగేసి వాడండి: రెండు కేబుళ్లూ దాని రెండు అవుట్‌పుట్లకి, రిసీవర్ దాని ఇన్‌పుట్‌కి. 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని రాసున్నదే కొనండి, 40 మీటర్లకి అది పనికొస్తుంది. ఒక్కో కేబుల్‌కీ ఫెరైట్ చోక్ (పైతొడుగు మీద పారే కరెంటుని ఆపే ఫెరైట్ రింగు) తప్పనిసరి. లేకపోతే కేబుల్ పైతొడుగే యాంటెన్నాగా మారి, మనం కొట్టేసిన నాయిస్‌ని మళ్లీ లోపలికి తెస్తుంది.

రెండు లూపుల బలంలో 1 డెసిబెల్ తేడా ఉన్నా నాయిస్ దాదాపు 19 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఎస్ మీటర్ మీద 3 ఎస్ యూనిట్లు (ఒక్కోటి 6 డెసిబెల్స్)! కానీ నాయిస్ నాలుగు దిక్కుల నుంచీ సమానంగా వస్తుంటే ఇంత ఫలితం రాదు.

ఈ వారం అభ్యాసం: కలిపాక నాయిస్ పెరిగిందంటే ఒక లూప్ వైర్లు తారుమారు చేయండి. తర్వాత కేబుల్ ముక్కని పడమటి వైపుకి మార్చి, ఏ స్టేషన్ పెరిగిందో ఏది తగ్గిందో రాసుకోండి. ట్రాన్స్‌మిట్ మాత్రం చేయొద్దు, ప్రీయాంప్లిఫయర్లు కాలిపోతాయి. వాటిని కాపాడే రిలే వచ్చే పాఠంలో కడదాం.