సీసీజే రికార్డులో ఉండగా ఇంగ్లండ్‌లో ఇంటి లోను తెచ్చుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవాళ్లలో చాలామంది సీసీజే అన్న మాటను మొదటిసారి వినేది ఇల్లు చూసుకుని, బేరం కుదుర్చుకుని, మార్ట్‌గేజ్ కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడే. సీసీజే అంటే కౌంటీ కోర్ట్ జడ్జిమెంట్. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎవరికైనా మీరు డబ్బు బాకీ ఉన్నారని సివిల్ కోర్టు ఇచ్చే తీర్పు ఇది. స్కాట్లాండ్‌లో దీన్ని డిక్రీ అంటారు, అక్కడి పద్ధతులు కొంత వేరు. కోర్టు తీర్పు అనగానే మనకు వాయిదాలు, వకీళ్లు, ఏళ్ల తరబడి తిరగడం గుర్తుకొస్తాయి గానీ, ఈ తీర్పుల్లో అధికభాగం ప్రతివాది కోర్టు మెట్లెక్కకుండానే వస్తాయి. బాకీ రావాల్సిన సంస్థ దావా వేస్తుంది, కాగితాలు మీ చివరి చిరునామాకు పోస్టులో వెళతాయి, 14 రోజుల్లో మీరు జవాబు ఇవ్వకపోతే, లేదా కాగితాలు అందాయని తెలియజేసి 28 రోజుల వరకు గడువు తీసుకోకపోతే, వాది అడిగిన మొత్తానికి తీర్పు నమోదవుతుంది. మన కోర్టుల భాషలో చెప్పాలంటే ఇది ఎక్స్‌పార్టీ డిక్రీ.

నా రికార్డులోకి వచ్చినది ఒక పార్కింగ్ టికెట్టు. నలుగురం కలిసి అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి మారాను; కారు రిజిస్ట్రేషన్ కాగితం మీద చిరునామా మార్చడం మాత్రం మరిచిపోయాను. వంద పౌండ్ల టికెట్టుకు వసూలు ఖర్చు 70, కోర్టు ఫీజు 35, వకీలు ఖర్చు 50, ఆ పైన వడ్డీ చేరి 260 దాటింది. ఆ ఉత్తరాలన్నీ పాత ఇంటి గుమ్మం లోపల చాప మీద పడి ఉంటే, కొత్తగా దిగిన కుర్రాళ్లు వాటిని షూ ర్యాకు మీద పేర్చి పెట్టారు. రెండేళ్ల తరువాత నేను వెళ్లి చూసినప్పుడు గోధుమరంగు కవర్లు ఏడు ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. పాత మొబైల్ కాంట్రాక్టు, ఖాళీ చేసిన ఫ్లాటు కరెంటు బిల్లు, ఇండియాకు తిరిగి వెళ్లిపోయిన స్నేహితుడి బదులు మన పేరున మిగిలిపోయిన బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, ఇలాంటివే ఎక్కువమంది విషయంలో కారణాలు.

మొదట చేయవలసిన పని బ్యాంకుకు వెళ్లడం కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థల నుంచీ మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవడం. చట్టప్రకారం ఇవ్వవలసిన రిపోర్టు ఉచితమే, నెలవారీ చందా కట్టనక్కరలేదు. మూడూ ఎందుకంటే, అప్పిచ్చే సంస్థలు అన్నీ ఒకే దగ్గర చూడవు. అందులో స్కోరు అంకెను పక్కన పెట్టి కోర్టు తీర్పు వివరాలు రాసిన చోటు చూడండి. తీర్పు తేదీ, మొత్తం, కోర్టు పేరు, కేసు నంబరు, బాకీ తీరిందా లేదా అన్నవి అక్కడ ఉంటాయి. వాది ఎవరో తెలియకపోతే ఆ కేసు నంబరుతో కోర్టును అడిగితే చెబుతారు. ఈ తీర్పుల రిజిస్టరును ప్రభుత్వం తరఫున రిజిస్ట్రీ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహిస్తుంది. కొద్దిపాటి రుసుము కడితే అందులో నేరుగా కూడా వెతుక్కోవచ్చు. తీర్పు తేదీ నుంచి ఆరేళ్లపాటు ఆ నమోదు అక్కడ ఉంటుంది, తరువాత దానంతట అదే పోతుంది.

తీర్పు వచ్చి ఇంకా నెల దాటలేదంటే మిగిలిన పనులన్నీ ఆపి ఆ డబ్బు గురించి ఆలోచించండి. తీర్పు తేదీ నుంచి నెలలోగా మొత్తం చెల్లిస్తే రిజిస్టరు నుంచి ఆ నమోదును పూర్తిగా తొలగిస్తారు, మార్ట్‌గేజ్ సంస్థ కంటికి అది కనిపించదు. ఉత్తరం మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, తీర్పు మీద ఉన్న తేదీ నుంచి లెక్క. కట్టిన రుజువును కోర్టుకు పంపడం కూడా ఆ పనిలో భాగమే; వాది తనంతట తాను చెబుతాడులే అని ఊరుకోకూడదు.

నెల దాటినవారికి రెండు దారులు మిగులుతాయి, డబ్బు కట్టేముందే వీటిలో ఏది మీదో నిర్ణయించుకోవాలి. ఒకటి, తీర్పును రద్దు చేయమని కోర్టును కోరడం. దీనికి ఎన్ 244 అనే ఫారం ఉంది. ఫీజు వందల పౌండ్లలోనే ఉంటుంది, ఆదాయం తక్కువ ఉన్నవారు ఫీజు మినహాయింపు అడగవచ్చు. జడ్జి ముఖ్యంగా చూసేవి రెండు: అసలు దావాకు మీ దగ్గర నిలబడే జవాబు ఉందా, తీర్పు సంగతి తెలిసిన వెంటనే కదిలారా. "నాకు ఉత్తరం అందలేదు" అన్న ఒక్క మాట చాలామంది అనుకున్నంత బలమైనది కాదు, ఎందుకంటే చివరిగా తెలిసిన చిరునామాకు పంపితే సాధారణంగా చెల్లుతుంది. అయితే మీరు ఆ ఇంట్లో లేరని అనుకోవడానికి వాదికి కారణం ఉండి కూడా కొత్త చిరునామా కోసం తగిన ప్రయత్నం చేయలేదని చూపగలిగితే విషయం మారుతుంది. అందుకే టెనెన్సీ ఒప్పందం, కొత్త ఇంటి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, ఆ బాకీ ఎందుకు చెల్లదో వివరించే కాగితం అన్నీ దరఖాస్తుతో జత చేయాలి. వాది ఒప్పుకుంటే ఉమ్మడి అంగీకారంతో అడగవచ్చు, ఫీజు తగ్గుతుంది. కానీ ఇరుపక్షాలూ రాజీపడ్డాయి గనుక జడ్జి సంతకం పెట్టి తీరాలని ఏమీ లేదు.

బాకీ నిజమైనదే అయితే ఈ దారిలో ఫీజు వృథా చేసుకోవద్దు. మొత్తం కట్టేసి ఎన్ 443 ఫారంతో, చెల్లింపు రుజువుతో, బాకీ తీరిందని కోర్టు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ సాటిస్‌ఫాక్షన్ తెచ్చుకోండి. నమోదు ఆరేళ్లూ ఉంటుంది గానీ పక్కన బాకీ తీరినట్టు గుర్తు పడుతుంది. ఆ గుర్తు మూడు రిపోర్టుల్లోకీ రావడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, ఈరోజు కట్టి రేపు మార్ట్‌గేజ్ అడగడంలో అర్థం లేదు. తీరని తీర్పుకు ఇంకో ప్రమాదం ఉంది. ఎలాగోలా ఇల్లు కొన్న తరువాత కూడా బాకీ రావాల్సిన సంస్థ చార్జింగ్ ఆర్డర్ తెచ్చుకుని ఆ ఇంటి మీదే తన బాకీని ఎక్కించుకోవచ్చు.

ఇక అప్పిచ్చేవారి సంగతి. వీధిలో బోర్డు కనిపించే పెద్ద బ్యాంకులు ఎక్కువగా కంప్యూటరు స్కోరు మీద నడుస్తాయి, అక్కడ ఇటీవలి సీసీజే ఉంటే కారణం చెప్పకుండానే తిరస్కారం వస్తుంది. వీటికి తోడు పెప్పర్ మనీ, కెన్సింగ్టన్ లాంటి ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. అక్కడ అండర్‌రైటర్ అనే మనిషి కాగితాలు చదివి నిర్ణయిస్తాడు. వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: తీర్పు వచ్చి ఎన్ని నెలలైంది, ఎన్ని తీర్పులు, మొత్తం ఎంత, తీర్చారా, తీర్చి ఎంతకాలమైంది. నా అభిప్రాయంలో వీటిలో అన్నిటికన్నా బరువైనది తేదీ. మూడు వేల పౌండ్ల తీర్పు నాలుగేళ్ల కిందటిదై, తీర్చేసి ఉంటే, మూడు నెలల కిందటి మూడు వందల పౌండ్ల తీర్పుకన్నా దాన్ని సులువుగా దాటవచ్చు. చాలా చిన్న మొత్తాలను అసలు లెక్కలోకి తీసుకోని సంస్థలూ ఉన్నాయి. ఏ సంస్థ నియమం ఏమిటన్నది తరచు మారుతుంది, పైగా వీరిలో కొందరు నేరుగా వచ్చేవారికి లోను ఇవ్వరు. అందుకే ఈ పనికి బ్రోకరు అవసరం. ఆర్థిక సేవలను నియంత్రించే ఎఫ్‌సీఏ రిజిస్టరులో అతని పేరు, సంస్థ పేరు ఉన్నాయో లేదో చూసుకుని, మొదటి ఫోనులోనే సీసీజే సంగతి చెప్పి, మూడు రిపోర్టులూ ముందే పంపండి. స్కోరు మీద మచ్చ పడని సాఫ్ట్ సెర్చ్‌తో డెసిషన్ ఇన్ ప్రిన్సిపుల్, అంటే లోను ఇవ్వవచ్చన్న ప్రాథమిక అంగీకారం, ఇచ్చేవారి దగ్గరే మొదలుపెట్టమని అడగండి. నాలుగు బ్యాంకులకు వరసగా దరఖాస్తు చేస్తే అప్పిచ్చే మిగతా సంస్థలకూ కనిపించే నాలుగు హార్డ్ సెర్చ్‌లు రిపోర్టులో మిగులుతాయి.

డిపాజిట్ విషయంలో ఆశలు కొంచెం సర్దుకోవాలి. మామూలుగా 5 లేదా 10 శాతంతో కొనేవారుంటే, సీసీజే ఉన్నవారిని తరచుగా 15 నుంచి 25 శాతం దాకా అడుగుతారు. వీసా మీద ఉన్నవారికి, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) రానివారికి, కొన్ని సంస్థలు మామూలుగానే ఎక్కువ డిపాజిట్ అడుగుతాయి కనుక రెండు షరతులూ ఒకేసారి మీద పడవచ్చు. వడ్డీ తేడా ఎంత బరువో ఒక లెక్క చూడండి. రెండు లక్షల పౌండ్లు 25 ఏళ్లకు తీసుకున్నారనుకుందాం. వడ్డీ నాలుగున్నర శాతమైతే నెలకు సుమారు 1,112 పౌండ్లు, ఆరున్నర శాతమైతే సుమారు 1,350. అంటే వడ్డీ రేటు మారని రెండేళ్ల ఫిక్స్‌డ్ కాలంలో దాదాపు 5,700 పౌండ్లు అదనం. తీర్పుకు ఆరేళ్లు నిండడానికి ఇంకో ఎనిమిది నెలలే ఉంటే ఈ లెక్క చూసుకుని ఆగడమే మేలు. మూడేళ్లు ఉంటే, ఆ మూడేళ్లూ కట్టే అద్దెను కూడా లెక్కలో వేసుకుని తేల్చుకోవాలి.

డిపాజిట్ పెంచుకోవడానికి మనవాళ్లలో చాలామంది ఇంటి వైపు చూస్తారు, అమ్మానాన్నలు ఊళ్లో స్థలం అమ్మి పంపుతారు. ఇందులో తప్పేమీ లేదు, కానీ సీసీజే ఉన్న దరఖాస్తులో అండర్‌రైటరు ప్రతి పౌండు ఎక్కడిదని అడుగుతాడు, లాయరూ అడుగుతాడు. అమ్మకం దస్తావేజు, కొన్నవారి నుంచి నాన్నగారి ఖాతాలో డబ్బు పడిన స్టేట్‌మెంటు, అక్కడి నుంచి మీ ఖాతాకు వచ్చిన రెమిటెన్స్ కాగితం, ఇది అప్పు కాదు, ఇంటి మీద నాకే హక్కూ వద్దు అని ఆయన సంతకం చేసిన గిఫ్ట్ లెటర్, ఈ నాలుగూ ఒకదానికొకటి అతకాలి. దస్తావేజు తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం ముందే చేయించి పెట్టుకోండి. కొంత తెల్లగా, కొంత నగదుగా జరిగిన అమ్మకమైతే నగదు భాగం ఇక్కడ డిపాజిట్‌గా పనికిరాదు. ఇండియాలో నివాసం ఉన్నవారు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. పెద్ద మొత్తాల మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది కనుక ఆ సొమ్మును కూడా కలుపుకుని లెక్క వేయాలి.

చిన్నవిగా కనిపించే పనులు కొన్ని బాగా ఉపకరిస్తాయి. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా అక్కడి ఓటరు జాబితాలో నమోదు చేసుకోవచ్చు; చాలామందికి ఈ సంగతే తెలియదు. ఆ నమోదు మీ పేరును, చిరునామాను క్రెడిట్ రిపోర్టులో స్థిరపరుస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, ఫోను, కారు కాగితం అన్నిటిలో ఒకే చిరునామా, ఒకే రకంగా రాసిన పేరు ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండడం మనవాళ్ల కాగితాల్లో మామూలే, అది అక్కడ తలనొప్పి తెస్తుంది. దరఖాస్తుకు ముందు కనీసం మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఓవర్‌డ్రాఫ్టు దాటడం, వాయిదా తప్పడం, జీతం వచ్చేదాకా తీసుకునే పేడే లోను వంటివి లేకుండా చూసుకోండి. ఒక పేజీలో వివరణ కూడా రాసి పెట్టుకోండి: ఫలానా తేదీన ఇల్లు మారాను, ఫలానా తేదీన తీర్పు తెలిసింది, ఫలానా తేదీన మొత్తం కట్టాను, రుజువులు ఇవి. సానుభూతి కోసం రాసే వాక్యాలు అందులో వద్దు. క్రెడిట్ రిపోర్టులోనే 200 మాటలకు మించకుండా మీ వివరణ చేర్చమని కోరే హక్కు కూడా మీకుంది.

భార్యాభర్తల్లో ఒకరికే సీసీజే ఉంటే, ఉమ్మడి దరఖాస్తులో అది ఇద్దరిదీ అవుతుంది. రెండోవారి జీతం ఒక్కటే చాలితే వారి పేరునే తీసుకోవడం ఒక మార్గం. అప్పిచ్చేవారు స్థూలంగా ఏడాది జీతానికి నాలుగున్నర రెట్ల దగ్గర ఆగుతారు. అప్పుడు ఆ ఇంట్లో ఉండే వయోజనులుగా, ఇంటి మీద హక్కు కోరనని మీరు సంతకం పెట్టవలసి ఉంటుంది. ఆ సంతకానికి అర్థమేమిటో విడిగా లాయరును అడిగి తెలుసుకున్నాకే పెట్టండి. ఇద్దరికీ ఉమ్మడి ఖాతా ఉంటే రిపోర్టులు ముడిపడి ఉంటాయి, కనుక ఈ మార్గం ప్రతిసారీ పారుతుందని చెప్పలేం.

దరఖాస్తులో సీసీజే గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయాలి. కొన్ని ఫారాలు గత ఆరేళ్లలో అని అడుగుతాయి, కొన్ని ఎప్పుడైనా అని అడుగుతాయి. రెండో రకంలో, రిజిస్టరు నుంచి పోయిన తీర్పును కూడా చెప్పవలసిందే. దాచారని తేలితే దాన్ని మోసంగా పరిగణిస్తారు, సిఫాస్ అనే మోసాల నిరోధక జాబితాలో పేరు ఎక్కితే సీసీజే కన్నా పెద్ద అడ్డంకి అవుతుంది. అలాగే, డబ్బు ముందుగా తీసుకుని సీసీజే మాయం చేస్తామని వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలిచ్చేవారి జోలికి పోకండి. పైన చెప్పిన ఫారాలు మీరే నింపవచ్చు, ఉచిత సలహాకు సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్ ఉన్నాయి.

లోను వచ్చాక ఫిక్స్‌డ్ కాలాన్ని ఎంచుకునేటప్పుడు తీర్పు తేదీని పక్కన పెట్టుకుని చూడండి. తీర్పుకు ఆరేళ్లు ఎప్పుడు నిండుతాయో, ఫిక్స్‌డ్ కాలం దాని తరువాత త్వరలోనే ముగిసేలా ఉంటే రీమార్ట్‌గేజ్ (ఉన్న లోను స్థానంలో కొత్తది తీసుకోవడం) సమయానికి రికార్డు ఖాళీగా ఉంటుంది. ఐదేళ్ల ఫిక్స్‌డ్ తీసుకుని మధ్యలో బయటికి రావాలంటే ముందస్తు చెల్లింపు రుసుము పడుతుంది, అది అప్పులో కొన్ని శాతాల దాకా ఉండవచ్చు. ఆరేళ్లు నిండిన నెల తరువాత మూడు రిపోర్టులూ మళ్లీ తెప్పించి ఆ నమోదు నిజంగా పోయిందో లేదో చూడండి. ఒకదానిలో మిగిలిపోతే ఆ సంస్థకు రాసి తీయించాలి, సర్టిఫికెట్ కాపీ అప్పుడు కూడా అవసరం పడవచ్చు.