400 మంది, వచ్చిన వరుసలో

కోనసీమలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్ళకు పైగా గర్భిణుల రక్తం తీశాను. హెచ్ఐవీ సెంటినెల్ సర్వేలెన్స్ (ఎంచుకున్న కేంద్రాల్లో రక్త నమూనాలు తీసి వ్యాధి ఎంతుందో చూసే లెక్క) రౌండు మొదటిసారి మీ నెత్తిన పడితే ఎలా నెట్టుకురావాలో నా అనుభవంలోంచి చెబుతాను.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1998 నుంచి ఈ లెక్క తీస్తోంది. ఇప్పుడది రెండేళ్ళకొకసారి జరుగుతోంది. ఊరందరి రక్తమూ తీయలేం కనుక, ఎలాగూ పరీక్షలకు వచ్చే గర్భిణులను చూసి మామూలు జనంలో వ్యాధి ఎంతుందో అంచనా కడతారు. ఒక్కో కేంద్రానికి 400 మంది, వయసు 15 నుంచి 49, గడువు మూడు నెలలు. ఇటీవలి రౌండ్లలో అదే నమూనాలో సిఫిలిస్ అనే సుఖవ్యాధిని కూడా చూస్తున్నారు. ఒకప్పుడు మన ఉభయ గోదావరి జిల్లాలు హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న జిల్లాల జాబితాలో ఉండేవి. ఆ సంగతి తెలిసింది ఇలాంటి లెక్కల వల్లనే.

ఈ పనికి ప్రాణం వరుస. అర్హత ఉన్న ప్రతి గర్భిణినీ వచ్చిన క్రమంలోనే చేర్చాలి. పెద్దింటి కోడలని ఒకరిని దాటవేయకూడదు, భర్త లారీ డ్రైవరని ఇంకొకరిని ముందుకు లాగకూడదు. హెచ్ఐవీ ఉన్నట్టు మనకు ముందే తెలిసినామె వచ్చినా, తన వంతు రాగానే చేర్చాల్సిందే. జాలితో తప్పించినా లెక్క తప్పినట్టే. సంక్రాంతి వారంలో ఓపీ బోసిపోతుంది, ప్రభల తీర్థం రోజున కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఉండనివ్వండి. పక్క ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేసి ఇరవై మందిని ఆటోల్లో రప్పించకండి. అది వరుస కాదు, జాతర.

ఒకే మనిషి రెండుసార్లు రాకుండా చూసుకోండి. ఇందులో నేను దెబ్బతిన్నాను. ఒకమ్మాయి జనవరిలో అత్తగారితో వచ్చింది, అత్తవారి ఇంటిపేరుతో రాసుకున్నాను. ఏడో నెల రాగానే పుట్టింటికి వెళ్ళి, మార్చిలో తల్లితో మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. ఈసారి ఓపీ చీటీ మీద పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఊరూ వేరు. రక్తం తీస్తుంటే ఆ పిల్లే నవ్వి, "మేడమ్, పోయినసారి ఎడమ చేయి కదండీ" అంది. అప్పటికే ఫారం నింపేశాను. దాన్ని రద్దు చేసి, ఎందుకు చేశానో పక్కన రాసి సంతకం పెట్టాను. అప్పటినుంచీ సూది పట్టకముందే, "సంక్రాంతి తర్వాత ఇక్కడ రక్తం ఇచ్చారా అమ్మా?" అని అడిగి, కార్డు మూలన పెన్సిలుతో చిన్న గీత పెడుతున్నాను. చూసేవాళ్ళకు ఆ గీతలో ఏ అర్థమూ కనిపించదు.

ఫారంలో ప్రశ్నలు తక్కువే. చదువు, ఎన్నో కాన్పు, భర్త పని, భర్త పని కోసం వేరే ఊళ్ళో ఉంటున్నాడా అన్నవి అందులో ఉంటాయి. ఈ చివరి ప్రశ్న దగ్గర మన ప్రాంతంలో కాస్త ఆగాలి. కువైట్, దుబాయ్ పేర్లు రాగానే పక్కనున్న అత్తగారు జవాబు అందుకుంటారు. ఆవిడను చీటీ మీద ముద్ర వేయించుకు రమ్మని కౌంటరుకు పంపండి. ఆ రెండు నిమిషాల్లో కోడలు తానే చెబుతుంది.

మామూలు పరీక్షలకు తీసిన రక్తంలోంచే సర్వేలెన్స్ నమూనా వెళుతుంది, వేరే సూది ఉండదు. గొట్టాన్ని గది వేడిలో అరగంట కదపకుండా నిలబెడితే రక్తం గడ్డకడుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన సీరం అనే ద్రవాన్ని తీయండి. మంచి సీరం ఎండుగడ్డి రంగులో తేటగా ఉంటుంది. దానిమ్మ రసంలా ఎర్రబడిందంటే లోపల కణాలు పగిలాయన్నమాట, అది పనికిరాదు. సిరంజిలోని రక్తాన్ని సూదితోనే గొట్టంలోకి బలంగా కొట్టినా, తొందరపడి ఊపినా, సీరం తీయకముందే ఫ్రీజర్‌లో పెట్టినా ఇలాగే అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమ్మ పడుతుంది, దాని మీద అంటించిన లేబులు సాయంత్రానికి ఊడి పెట్టె అడుగున పడి ఉంటుంది. కాబట్టి పొడి సీసాకే లేబులు వేసి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫారం మీద, సీసా మీద ఒకే అంకె ఉండాలి. పరీక్షించే ల్యాబుకు ఆ అంకె తప్ప పేరు వెళ్ళకూడదు. పెట్టె పంపేటప్పుడు సీసాలను నిలువుగా బిగించండి. కాలవగట్టు మీద ఆటో కుదుపు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

ఒక్క మాట మాత్రం మరవకండి. సర్వేలెన్స్ ఫలితం కోసం ఏ గర్భిణినీ ఎదురుచూడనివ్వకండి. ఆమె సొంత హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) ఆమె పేరుతో, కౌన్సెలింగుతో ఆ రోజే జరగాలి. సిఫిలిస్ తేలితే డాక్టరు గారి దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళండి. సమయానికి పడిన బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షను కడుపులో బిడ్డను కాపాడుతుంది. "వచ్చే వారం రండి" అంటే, లంకల నుంచి రేవు దాటి వచ్చినామె మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు.

400 నిండిన క్షణాన ఆపేయండి, గడువు మిగిలి ఉన్నా సరే. నిండకపోయినా మూడు నెలలు కాగానే ఉన్నవాటితోనే ముగించండి. మా రౌండులో 400వ నమూనా మధ్యాహ్నం పన్నెండుకు పూర్తయింది. తర్వాతి కుర్చీలో ఉన్నామె అప్పటికే గాజులు పైకి లాగి చేయి చాపింది. ఆమెకు ఫారం తీయలేదు. రక్తం మాత్రం తీసి, మామూలు పరీక్షలన్నీ చేశాను.